ఎంగిలి ఊపిరి

గాజులమిట్ట కోటతలుపు కేతుడి వెనకాల మూసుకుంది. ముందు బయటి గడియ పడింది. ఆ వెంటనే లోపలి గడియ పడింది. కొలిమికని అప్పగించిన రెండెద్దుల పగ్గాలు చేతపట్టుకుని అతడు అక్కడే నిలబడిపోయాడు. లోపలికి రావడానికి కొలిమితిత్తులు తోలేవాడి వేషం సరిపోయింది. బయటికి పోవడానికి ఏ వేషం సరిపోతుందో అతడు ఆలోచించుకుని రాలేదు. ఎడ్లబిడారుతో దేశాలు తిరిగేవాడికి ఉండే జబ్బే అది. ఎక్కడికి పోయినా అవతల ఒక దారి ఉంటుందనుకుంటాడు.

ఇక్కడ లేదు.

స్ఫటికావతీ రాజ్యానికి కంఠహారమని భట్రాజులు పొగిడే ఆ కోట మిట్టమధ్యాహ్నపు ఎండలో ధగధగలాడుతోంది. దాని గోడలు రాతివి కావు, ఇటుకవి కావు. తరతరాలుగా విరిగిన గాజులన్నీ కరిగించి పోసిన గోడలవి. ఒకచోట నెమలికంఠపు నీలం, ఒకచోట దానిమ్మగింజ ఎరుపు, ఇంకొకచోట పచ్చిపసుపు విరిచినప్పటి వన్నె. సూర్యకిరణాలు వాటిని చీల్చుకుని నేలమీద రంగవల్లులు పరుస్తున్నాయి. నడిమధ్యన పడుకున్న ఏనుగులా కొలిమి. దాని కడుపులో పెద్ద మట్టిమూస. మూసలో కరిగిన గాజు, ఉదయభానుడే కుంపట్లో దిగి కూర్చున్నట్టు వెలుగుతోంది. అందమంతా చూడవచ్చినవాడికి. పనిచేసేవాడికి ఆ గోడలు వెలుతురునిస్తాయి గాని గాలినివ్వవు. ఒంటిమీద చెమట పుట్టినచోటే ఆవిరైపోతుంది.

కేతుడు వచ్చింది అక్క కోసం. అక్క కాచమ ఈ కొలిమికి కోడలై వచ్చి, ఇక్కడే ఇనుపగొట్టంతో గాజు ఊదడం నేర్చి, అందరినీ మించిపోయింది. అదే ఆమె ప్రాణంమీదికి వచ్చింది. ఈ పొద్దు కుంకేలోగా ఆమె ఒక మహాగోళం ఊదాలి. ఊదిందంటే మళ్లీ మనిషి కాదు.

ఊదించేవాడు కృకలాసుడు. వాడు మాంత్రికుడు, ఇప్పుడు రాజుగారి సుంకాధికారి కూడా. రంగులు మార్చడంలో తొండకు తాత. ఇంత పెద్ద కొలిమిని ఏ మంత్రం వేసి పట్టాడో అనుకునేరు. ముందు వాడు మంత్రమే వాడలేదు. వెండేటి రేవు మూయించాడు, ఇసుకపడవలు ఆగిపోయాయి. గాజుకు కావలసిన చౌడుమన్ను తవ్వే బీడుకు రాజుగారి వేట పేరు చెప్పి కంచె వేయించాడు. పరదేశపు వర్తకులు సంతకు వస్తే గూఢచారులని పట్టించాడు, కొనేవాళ్లు లేకుండా పోయారు. ఊపిరాడక కొలిమి గిలగిల్లాడుతుంటే తానే చిరునవ్వుతో వచ్చాడు. ఇసుక నేనిస్తాను, చౌడు నేనిస్తాను, మీ తిండిగింజలు నేను పంపుతాను, సరుకంతా నేనే కొంటాను అన్నాడు. కొలిమిపెద్దలు దండం పెట్టి తలుపు తెరిచారు. మంత్రం ఆ తరవాత వచ్చింది, చౌడులో కలిపిన నల్లపొడి రూపంలో. ఆ పొడి కలిసిన గాజును ఊదినవాడి ఊపిరి బుడగలోనే ఉండిపోతుంది. బుడగ ఎవరి చేతిలో ఉంటే ఆ ఊదినవాడు వాళ్ల బంటు. నోట మాట ఉండదు, కంట తడి ఉండదు, చెప్పినపని చేసుకుపోతాడు. కొలిమివాళ్లు వాళ్లను డొల్లమనుషులంటారు. కోటలో పారిపోయేవాళ్లను పట్టడానికి కృకలాసుడు వాళ్లనే కాపలా పెట్టాడు.

కేతుడు తిత్తుల దగ్గరికి ఎడ్లను నడిపిస్తుంటే గోడ పక్కన ఆ డొల్లమనుషులు వరసగా కనిపించారు. అందులో ఒక ముఖం చూసి అతడు పగ్గాలు గుంజి ఆగాడు. అది బావ మల్లుడి ముఖం. పోయిన జాతరలో ఇద్దరూ ఒకే పందెంలో పరుగెత్తారు. ఇప్పుడు బావ కళ్లు అతడి మీదుగా ఖాళీగా పోయాయి.

"ఏం నాయనా, తిత్తులకు కొత్తోడివా?" అంది తలమీద ఇసుకగంపతో ఎదురొచ్చిన ముసలామె. పేరు బయ్యమ్మ. ఇసుకధూళి మింగీ మింగీ ఆమెకు దగ్గు పట్టుకుంది, మాటకొకసారి దగ్గుతుంది. "నీకు ముందున్నోడు ఏమైనాడో అడగవా?"

"ఏమైనాడు అవ్వా?"

"అడగాకు." ఆమె దగ్గి, గంప సవరించుకుని పోయింది.

తిత్తులంటే మామూలు తిత్తులు కావు. ఒక్కొక్కటి గుడిసెంత తోలుసంచి. ఎద్దులు కాడి లాగుతూ గుండ్రంగా తిరుగుతుంటే అవి ఉబ్బి, అణగి, కొలిమిలోకి గాలి కొడతాయి. కేతుడు ఎడ్లను కట్టి, తల వంచుకుని తోలుతున్నాడు. కొలిమి ముందున్న ఎత్తైన అరుగుమీద కాచమ కనిపించింది. ఆమె అతడిని చూసింది. కాసేపటికి నీళ్లు తాగే నెపంతో అరుగు దిగి కుండ దగ్గరికి వచ్చింది. ముఖం ఇటు తిప్పకుండానే తిట్టింది.

"ఏరా, నీకు బుద్ధుందా? ఒక ఎలక బోనులో పడితే దాని పక్కన ఇంకో ఎలక వచ్చి కూర్చుంటాదా?"

"నిన్ను తీసకపోదామని వచ్చినా అక్కా."

"యాడ నుంచి తీసకపోతావు? బయటి గడియ వాడి చేతిలో ఉంది. సరుకు తయారైతే తప్ప తీయడు. లోపలి గడియ మా మామ చేతిలో ఉంది. మూసలో గాజు ఉండగా కొలిమి మనిషి గడప దాటకూడదని మా కట్టుబాటు. వాడు మూస ఖాళీ కానీయడు, మామ కట్టుబాటు తప్పడు. ఇంక తలుపెట్లా తెరుచుకుంటాది?"

"మీరంతా కలిసి కాదనలేరా?"

కాచమ నీళ్లు పుక్కిలించి ఉమ్మింది. "ఇసుకోళ్లు మా అరుగు ఎక్కకూడదు. తిత్తులోళ్లు ఊదేవాళ్ల ముందర నోరు మెదపకూడదు. ఊదేవాళ్లలో ఒకరి గొట్టం ఇంకొకరు నోట పెట్టకూడదు, ఎంగిలి. ఒక గాజుముద్దకు ఒకే నోరు. ఎవరి నోరు వాళ్లదే అయినప్పుడు, కాదనే నోరు యాడ నుంచి వస్తాదిరా? పో. మాట్లాడతాండవని ఎవరైనా చూస్తారు."

కేతుడికి కోపం వచ్చింది. ఆ కోపంలో చేతులు ఊరుకోక ఒక పని చేశాడు. కాడికి కట్టగానే కొలిమివాళ్లు ఎద్దుల కళ్లకు గంతలు కట్టారు. ఎద్దు కళ్లు మూసి తోలడం బిడారులో మహాపాపం. దారి చూడని ఎద్దు లోయలో పడుతుంది, తనతో మనిషినీ పడేస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి విన్న మాట అది. అతడు ఇంకేమీ ఆలోచించకుండా రెండెద్దుల గంతలూ ఊడబీకాడు.

అవి చూశాయి. ఎదురుగా, నోరు తెరుచుకుని, భగభగలాడే మంట!

ఒక్క రంకె. కాడి పటుక్కుమంది. ఎర్రెద్దు గాలిలోకి లేచింది, తెల్లెద్దు కొలిమి వైపే దూకింది. కేతుడు దాని కొమ్ములు పట్టుకుని వేలాడాడు. నేలమీద ఈడ్చుకుపోతూనే మెడ పక్కకు మలిచాడు. గాజుల తట్టలు పగిలి తళుకులు ఎగిరాయి. మనుషులు కేకలేస్తూ గోడలకు అంటుకుపోయారు. ఎర్రెద్దు ఇసుకకొట్టం తడిక పెకలించుకుని లోపలికి దూరింది, తెల్లెద్దు కేతుడిని ఒక విసురు విసిరి దాని వెంటే పోయింది. అతడు వెల్లకిలా పడి, లేచి, అలవాటుగా నాలుక అంగిటికి కొట్టి "టొక్ టొక్ టొక్" అని బిడారు పిలుపు పిలిచాడు. ఎడ్లు రాలేదు, వాటికి ఆ భాష తెలియదు. మనుషులకు తెలిసింది.

"బిడారోడు! తిత్తులోడు కాదు, బిడారోడు!"

"పట్టుకోండి వాణ్ని!" అరుగుమీద నుంచి ఒక గొంతు గర్జించింది. అతడు కొలిమిపెద్ద గుండప్ప, కాచమకు మామ, మల్లుడికి తండ్రి. తెల్లని మీసాలు, వెండిపట్టీలు వేసిన గొట్టం, వెన్ను వంగని వయసు. కేతుడు ఇద్దరిని తోసి, ఒకడి మీది నుంచి దూకి, తలుపు దాకా పరుగెత్తాడు. అక్కడ రెండు చేతులు అతడిని నడుము దగ్గర పట్టి ఎత్తేశాయి. తిరిగి కొట్టబోయి ఆగిపోయాడు. పట్టుకున్నవాడు మల్లుడు.

"బావా, నేనురా!"

మల్లుడు అతడిని మూటలా మోసుకొచ్చి కొలిమి పక్కన స్తంభానికి కట్టేశాడు. ముడి మీద ముడి వేశాడు. కళ్లలో ఏమీ లేదు.

అప్పటికే మంట కుంగుతోంది. తిత్తి ఆగితే కొలిమి ఊరుకోదు. తెల్లగా వెలిగే మూస నారింజకు దిగింది. నూనెలా ఉన్న గాజు పాకంలా చిక్కబడుతోంది. గడ్డకట్టిందంటే మూస పగిలిపోతుంది.

సరిగ్గా అప్పుడే కోట బయట కొమ్ము ఊదారు. తలుపులో చిన్న గవాక్షం తెరుచుకుంది. దాని అవతల ఆకుపచ్చ కన్ను ఒకటి మెరిసి, పసుపుపచ్చనై, ఎరుపెక్కింది.

"గుండప్పా! మా గోళమెక్కడ?" అన్నాడు కృకలాసుడు. గొంతు వెన్న రాసినట్టుంది. "రాజ్యమంతయు మా అరచేత కనుపించు వేళ సమీపించినది. ఈ తలుపు ముందు ధాన్యపు బండ్లు నిలిచియున్నవి. గోళము బయటికి వచ్చిన, బండ్లు లోపలికి వచ్చును. రాకున్న, మీ ఆకలి మీరే తినుడు." గవాక్షం మూసుకుంది.

ఎవరూ ఏమీ చెప్పకముందే తిత్తులవాళ్లు, ఇసుకవాళ్లు వచ్చి విరిగిన కాడికి తాడు కట్టి భుజాన వేసుకున్నారు. ఎద్దులు తిరిగిన గుండ్రంలోనే తిరగడం మొదలెట్టారు. తిత్తి ఉబ్బింది. మంట లేచింది. కేతుడు స్తంభానికి తల కొట్టుకున్నాడు.

"ఎవరు లాగమన్నారు మిమ్మల్ని? ఎవరన్నా కొరడా పట్టినారా?"

కాడి కింద నుంచి బయ్యమ్మ రొప్పుతూ నవ్వింది. "చూడు నాయనా, నీ ఎద్దులకు కళ్లు కనబడేసరికి పారిపోయినాయి. మాకు గంతలు లేకపోయినా తిరుగుతాండాం."

"కొలిమి ఆరకూడదు," అన్నాడు గుండప్ప. "మా ముత్తాతలు రాజేసిన నిప్పు ఇది. నా కొడుకు ఊపిరి పోయినా ఆరనీయలేదు. బయటోడివి, నీకేం తెలుసు?"

"కొడుకు పోయినాడు, కోడలు పోతాంది. ఆ నిప్పు దగ్గర చలి కాగేది ఎవరు పెద్దాయనా, నువ్వొక్కడివేనా?"

గుండప్ప మీసాలు అదిరాయి. కొట్టడానికి గొట్టం ఎత్తి, మళ్లీ దించాడు. "తప్పంతా ఆ దొంగముండాకొడుకుది. రేవు మూసినాడు, బీడు మూసినాడు, సంత మూసినాడు. మేమేం చెయ్యాల?"

"వాడు మూసినవన్నీ చెప్తాండావు, మీరు మూసింది చెప్పవే! వాడు రేవు మూసినాడు సరే. ఈ అరుగు ఎవరు మూసినారు? ఆ గొట్టం ఎవరు మూసినారు? ఒక ముద్దకు ఒకే నోరని వాడు చెప్పినాడా? మీరు చెప్పుకున్నారు. వాడు విన్నాడు. విని, సరిగ్గా దానికి సరిపోయే మంత్రం తెచ్చుకున్నాడు. ఒక్క నోరే ఊదుతాది గాబట్టే ఊపిరి మొత్తం ఒక్కరిదే పోతాంది!" కేతుడు ఊపిరి పీల్చుకున్నాడు. "మా బిడారులో ఎడారి దాటేటప్పుడు ఒకే తోలుసంచి నీళ్లు ఉంటాయి. అందరం ఆ మూతికే నోరు పెట్టి తలా ఒక గుక్క తాగుతాం. నా ఎంగిలి నీకు, నీ ఎంగిలి నాకు. ఒక్కడే తాగాలంటే మిగతావాళ్లంతా చచ్చేవాళ్లు. మీది దానికి తిరగేసిన లెక్క. ఒక్కరే ఊదాల గాబట్టి ఒక్కొక్కరే చస్తాండారు."

"థూ!" అన్నారు ఊదేవాళ్లలో ఇద్దరు ముగ్గురు. "ఎంగిలి నీళ్లా!"

కాచమ అప్పటికే అరుగుమీద గొట్టం మూసలో ముంచింది. తమ్ముడి మాట ఆమె చెవిన పడింది, కాని గాజు ఆగదు. గొట్టం తిప్పి తిప్పి, మూసలో ఉన్నదంతా కొసకు చుట్టింది. ఉట్టిలో పూర్ణకుంభమంత ముద్ద! గొట్టాన్ని మోసే ఇనుపకాళ్ల ఆసరా, ఇనుపగుర్రం మీద ఆనించి, కొస పెదవులకు తెచ్చుకుంది. ఒక్కసారి మల్లుడి వైపు చూసింది. ఊదింది.

ముద్దలో ఒక బొట్టు వెలుగు పుట్టింది. అది పెరిగింది. కాచమ బుగ్గలు పొంగాయి, మెడనరాలు తేలాయి. ఇక నోరు తీద్దామనుకుంది. రాలేదు! గొట్టం జలగలా పట్టేసింది. ఊపిరి దానంతట అదే పోతోంది. కడుపు వీపుకు అంటుకుంది. కళ్లలో మెరుపు మసకబారుతోంది.

"అక్కా!" కేతుడు తాడు తెగేలా గుంజుకున్నాడు. తాడు తెగలేదు, చర్మం తెగింది.

కాడి వదిలేసి బయ్యమ్మ పరుగెత్తింది. ఆమె పుట్టినప్పటి నుంచి ఎక్కని అరుగది. ఎక్కింది. "దిగవే!" అని అరిచినవాడి ముఖాన చేతిలో ఉన్న ఇసుక కొట్టింది. కాచమ జుట్టు పట్టుకుని వెనక్కి ఒక్క లాగు లాగింది. పెదవుల తోలు ఊడింది గాని మనిషి ఊడొచ్చింది. గొట్టం కొస రక్తంతో తడిసి ఉంది. బయ్యమ్మ దాన్ని తుడవనైనా తుడవలేదు. నోట పెట్టుకుని, ఊది, దగ్గి, మళ్లీ ఊదింది. జలగ ఆమెను పట్టుకోబోయేలోగా తిత్తులవాడొకడు అరుగెక్కి ఆమెను లాగేశాడు.

"ఇటివ్వు అవ్వా, నాది!"

"ఎక్కువ ఊదాకు. ఒక గుక్క. పక్కోడికియ్యి!"

అంతే, జనం కదిలింది. ఒకడు ఊదుతుంటే వెనకవాడు నడుము పట్టుకుని సిద్ధంగా నిలబడేవాడు. పట్టు బిగుసుకునే లోపల లాగేసేవాడు. ఇసుకవాళ్లు ఊదారు. తిత్తులవాళ్లు ఊదారు. గాజులకు రంగుచుక్కలు పెట్టే ఆడవాళ్లు కొంగులు బిగించి ఊదారు. "ఒరే, నీ నోరు ఉల్లిపాయ కంపు కొడతాంది!" అని ఒకామె, "నీ నోట్లో తాంబూలం ఉమ్మి ఊదవే తల్లీ, గోళం ఎర్రబడతాంది!" అని ఇంకొకడు. చావు ముంగిట నవ్వులు. గొట్టాన్ని ఇనుపగుర్రంతో సహా జరిపి స్తంభం దగ్గరికి తెచ్చారు. కట్లతోనే కేతుడూ ఊదాడు. తన రొమ్ములోంచి ఏదో దారపుపోగులా బయటికి సాగినట్టు అనిపించింది. అంతలో లాగేశారు.

గోళం పెరుగుతోంది. ముందు నేరేడుపండు రంగు, తరవాత తేనె రంగు, ఆ తరవాత ఏ రంగూ కాని వెలుగు. అందులో చిన్నచిన్న ఊపిరులు చేపపిల్లల్లా మెలికలు తిరుగుతున్నాయి. అందులోంచి చూస్తే అవతలి మనుషులు తలకిందులుగా, ఒకరిలో ఒకరు కలిసిపోయి కనిపిస్తున్నారు. అంత అందమైన వస్తువు ఆ కోటలో అంతకుముందు పుట్టలేదు.

కాని అది నిండలేదు. ఒక పక్క జారుతోంది. గుండప్ప, అతడి జ్ఞాతులు, అంటే పాత ఊదేవాళ్లంతా చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. ఊదడానికి మిగిలింది వాళ్లే.

"రండి మామా," అంది కాచమ. నిలబడలేక మోకాళ్లమీద ఉంది. గొంతు ఈనెపుల్లలా ఉంది.

"ఇసుకది నోరు పెట్టిన గొట్టానికా?" అన్నాడు జ్ఞాతి ఒకడు.

"గోళం జారిపోతే బండ్లు రావు, తలుపు తెరుచుకోదు. అయితే నేనే ఊదుతా." కాచమ గొట్టం అందుకుంది. ఆమెలో మిగిలిన ఊపిరి ఎంతో అందరికీ తెలుసు. ఇంకొక్కసారి ఊదితే గోడ పక్కన మల్లుడికి జత అవుతుంది.

గుండప్ప కోడలిని చూశాడు. కొడుకును చూశాడు. వాడు గోడకానుకుని, నోరు కొంచెం తెరిచి, దేనికీ ఎదురుచూడకుండా నిలబడి ఉన్నాడు. ముసలివాడు గబగబా వచ్చాడు. గొట్టం లాక్కున్నాడు. అలవాటుగా ధోవతి చెంగు చేతిలోకి తీసుకుని కొస తుడవబోయాడు. గాజు ఇంకొక జానెడు జారింది. చెంగు వదిలేసి, రక్తం, ఎంగిలి, ఇసుక అన్నీ ఉన్న ఆ కొసకు నోరు పెట్టాడు.

ఏం ఊపిరది! అరవై ఏళ్ల పనితనమంతా అందులో ఉంది. గోళం ఒక్కసారిగా చంద్రబింబంలా నిండింది. బయ్యమ్మే అతడిని వెనక నుంచి పట్టి లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

"ఎట్లా ఉంది పెద్దాయనా, నా ఎంగిలి?"

"ఉప్పగా ఉంది," అన్నాడు గుండప్ప రొప్పుతూ. తరవాత జ్ఞాతుల వైపు తిరిగి అరిచాడు. "ఏం చూస్తాండారు? చల్లారకముందే మీరూ తలా ఒక గుక్క ఊది చావండి! ఆ బిడారోడి కట్లు విప్పండి! మూస ఖాళీ అయింది, గడియ తీయండి!"

వాళ్లూ ఊదారు. లోపలి గడియ తీశారు. గోళాన్ని గొట్టం నుంచి విడదీసి, సిద్ధమని కేకేశారు. బయటి గడియ కిర్రుమంది. తలుపు తెరుచుకుంది. లోపలికి గాలి వచ్చింది. గాలి! జనం దాన్ని తిన్నట్టు పీల్చారు.

తలుపు అవతల వంతెనమీద ఆబోతంత తొండ ఒకటి కళ్లెంతో నిలబడి ఉంది. దానిమీద కృకలాసుడు. దాని చర్మం ఏ రంగైతే వాడి బట్టలు ఆ రంగు. డొల్లమనుషులు మోసుకెళ్లిన గోళాన్ని వాడు రెండు చేతులా ఎత్తుకుని కాచమకేసి చూసి నవ్వాడు.

"ఊపిరీ, మోకరిల్లుము!"

గోళంలో కలకలం పుట్టింది. మొదట ఒక దగ్గు. స్పష్టంగా బయ్యమ్మ దగ్గు. ఆ తరవాత ఆడా మగా, ముసలీ ముతకా, అందరి గొంతులూ ఒకేసారి.

"మోకరిల్లం."

మాంత్రికుడి ముఖాన మొదటిసారి ఒకే రంగు నిలిచింది. పాలిపోయిన తెలుపు. "ఎవరిది ఇది? ఎవరి ఊపిరి?"

"వెతుక్కో!" అంది బయ్యమ్మ.

"మూయుడు! తలుపు మూయుడు!"

భటులు తలుపుమీద పడ్డారు. రెక్కలు దగ్గరవుతున్నాయి. కేతుడు ఇంకా వేడి ఆరని ఇనుపగొట్టం పట్టుకుని దూకి, రెక్కల మధ్య అడ్డంగా దిగ్గొట్టాడు. అరచేతులు చుర్రుమన్నాయి. వదల్లేదు. బయట నుంచి భటులు, లోపల నుంచి కాడి లాగిన భుజాలు. గొట్టం వంగింది, వంగి విల్లయింది. అప్పుడు లోపలివాళ్లంతా ఒక్క తోపు తోశారు. తలుపు బయటికి పగిలింది. భటులు వంతెన మీద నుంచి వెండేట్లోకి బుడుంగుబుడుంగున రాలారు. ధాన్యపు బండ్లు బోర్లాపడ్డాయి.

తొండ వెనుదిరిగింది. "నల్లకొండమీద నాకు వేరొక కొలిమి కలదు!" అని కృకలాసుడు అరిచాడు. "ఈ గోళమును మరల కరిగించి, మీ ఊపిరులను పేరుపేరున విడదీసెదను! అప్పుడు చూతము!" తొండ దుమ్మురంగైంది, గడ్డిరంగైంది, బీడులో కలిసిపోతూ పరుగెత్తింది. దానితోపాటే ఊదినవాళ్లందరి రొమ్ముల్లోనూ ఒక దారం సాగింది. లాగింది.

"నిప్పు ఆరిపోతాంది గుండప్పా!" అన్నాడు వెనక నుంచి ఒక జ్ఞాతి.

ముసలివాడు తిరిగి చూశాడు. తలుపు చట్రంలోంచి ఎర్రగా, ఒంటరిగా కొలిమి కనిపించింది. "ఆరనీ. ఊపిరుంటే నిప్పు మళ్లీ రాజేసుకుంటాం," అని గడప దాటాడు.

కేతుడు అక్క కోసం వెతికాడు. కాచమ వంతెన కొసన నిలబడి ఉంది. ముందుగా ఊదింది ఆమె. గోళంలో ఎక్కువ ఊపిరి ఆమెదే. తొండ దూరమైనకొద్దీ ఆమె పెదవులు నీలంగా మారుతున్నాయి.

"అక్కా! వాడు ఎటు పోయినాడు? దుమ్ములో కనబడటం లేదు, అక్కా!"

కాచమ నోరు తెరిచింది. మాట రాలేదు. గొంతు పట్టుకుని మళ్లీ ప్రయత్నించింది. గాలి కూడా రాలేదు. అప్పుడామె చెయ్యెత్తి, ఎక్కడ తన రొమ్ము లాగుతోందో సరిగ్గా అటు వేలు చూపించింది.

కేతుడు ఆమెను వీపుమీద వేసుకుని ఆ వేలు చూపిన దిక్కుకు పరుగెత్తాడు. జనమంతా వాళ్ల వెంటే కదిలారు, వెనకాల కోట ఖాళీ అయింది.